గుడారంలోకి నిప్పు రానివ్వొద్దు

2024 డిసెంబరు 23. కేరళలోని కోజికోడ్ జిల్లా వడకర దగ్గర జాతీయ రహదారి పక్కన ఒక కారవాన్ ఆగి ఉంది. ముందురోజు రాత్రి నుంచీ అక్కడే ఉంది. దారిన పోయేవాళ్లు చూశారు, ఎవరో విశ్రాంతి తీసుకుంటున్నారనుకుని వెళ్లిపోయారు. ఎంతకీ కదలకపోయేసరికి అనుమానం వచ్చి తలుపు తీసి చూస్తే లోపల ఇద్దరు మగవాళ్లు చనిపోయి ఉన్నారు. ఒకరు మెట్ల దగ్గర, ఒకరు పడక మీద. ఆ ఇద్దరూ పర్యాటకులు కారు, ఆ వాహనం మీద పనిచేసే మనుషులు. ప్రయాణికుల పని ముగించుకుని వెనక్కి వస్తూ, ఏసీ వేసుకుని కాస్త నడుం వాల్చారు.

ఆ తర్వాత జరిగింది మన దేశంలో అరుదుగా జరిగే పని. కోజికోడ్ ఎన్ఐటీ నిపుణులు, పోలీసులు, ఇతర శాఖల అధికారులు కలిసి అదే వాహనాన్ని పరిశీలించారు. అదే జనరేటర్‌ను మళ్లీ నడిపి లోపలి గాలిని కొలిచారు. ఏసీకి కరెంటు ఇచ్చే ఆ జనరేటర్ పొగ, వాహనం అడుగున ఉన్న ఒక రంధ్రం గుండా లోపలికి చేరుతోందని తేలింది. రెండు గంటల్లో కార్బన్ మోనాక్సైడ్ 950 పీపీఎం దాటింది. అంటే పది లక్షల వంతుల గాలిలో 950 వంతులకు పైగా ఆ విషమే. 800 పీపీఎం ఉన్న గాలిని పీలిస్తే ముప్పావుగంటలో తల తిరిగి వాంతులు మొదలవుతాయి, రెండు మూడు గంటల్లో ప్రాణం పోతుంది. నిద్రపోతున్న మనిషికి ఆ తల తిరగడం కూడా తెలియదు.

మన దగ్గర ఇలాంటి చావులు ఎన్ని జరిగినా చాలామటుకు "గదిలో ఊపిరాడక మృతి" అన్న చిన్న వార్తతో ముగిసిపోతాయి. పంచనామా అవుతుంది, బంధువులు ఏడుస్తారు, మరుసటి చలికాలం ఇంకో ఊళ్లో ఇంకో కుటుంబం అదే తీరున పోతుంది. పొగ ఏ వస్తువులోంచి వచ్చింది, ఎక్కడి నుంచి లోపలికి దారి చేసుకుంది, గాలిలో ఎంత చేరింది అని అడిగేవాళ్లు ఉండరు. వడకరలో అడిగారు కాబట్టే ఒక రంధ్రం దొరికింది. ఒక రంధ్రాన్ని మూసెయ్యడం ఏ మెకానిక్ షెడ్డులోనైనా అయ్యే పని.

కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. గొంతు మండదు, కళ్లు నీళ్లు కారవు. బొగ్గు, కట్టె, పెట్రోలు, డీజిలు, కిరోసిన్, వంటగ్యాసు, ఇలా మండే ఇంధనం ఏదైనా సరే, చాలినంత ఆక్సిజన్ అందక అరకొరగా కాలినప్పుడు ఇది పుడుతుంది. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కంటే దీనిమీద 200 రెట్లకు మించిన ఆకర్షణ. ఆర్టీసీ బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు పట్టేసినవాడిలా ఇది ముందే వెళ్లి కూర్చుంటుంది. వెనక వచ్చిన ఆక్సిజన్‌కు చోటుండదు. మామూలు గాలిలోకి వచ్చాక కూడా రక్తంలో చేరిన ఈ వాయువు సగానికి తగ్గాలంటే నాలుగైదు గంటలు పడుతుంది. మాస్కుతో స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నరలో ఆ పని జరుగుతుంది. కాబట్టి ఇలాంటి కేసులో ఆసుపత్రికి ఎంత త్వరగా చేరితే అంత మేలు.

తెలుగునాట ఇప్పుడు గుడారాల రోజులు నడుస్తున్నాయి. అరకు, లంబసింగి, వంజంగి, మారేడుమిల్లి, ఇటు వికారాబాద్ అనంతగిరి, లక్నవరం, సోమశిల. శుక్రవారం రాత్రి బయల్దేరి ఆదివారం రాత్రికి ఇల్లు చేరే కుర్రకారు, పిల్లాపాపలతో వచ్చే కుటుంబాలు, ఆఫీసు బృందాలు. చలికాలంలో ఉష్ణోగ్రత సున్నా దరిదాపులకు పడిపోయే లంబసింగిలో తెల్లవారుజామున మంచు చూడాలంటే రాత్రి అక్కడే ఉండాలి. పొలం గట్ల మీద, కొండవాలుల్లో వరసగా గుడారాలు వేసి అద్దెకిస్తున్నారు. చలిమంట, బొంగు చికెన్, బార్బెక్యూ అన్నీ ఆ సరదాలో భాగమే. ఆరుబయట మండినంతసేపు ఆ నిప్పుతో ఈ బెడద దాదాపు లేనట్టే. అసలు బాధ అర్ధరాత్రి దాటాక మొదలవుతుంది. మంట తగ్గింది, చలి పెరిగింది, పిల్లలు వణుకుతున్నారు, బార్బెక్యూ పళ్లెంలో ఇంకా ఎర్రగా నిప్పులున్నాయి. పొగ కూడా రావడం లేదు. లోపల ఓ మూల పెట్టుకుంటే ఏమవుతుందిలే అనిపిస్తుంది.

నిప్పు లేనిదే పొగ రాదన్న సామెత మనకు బాగా వంటబట్టింది. పొగ రాని నిప్పు గురించి మాత్రం మనకెవరూ చెప్పలేదు. బొగ్గులు రాజుకునే వేళ వాటి మీద నీలిరంగు నాలుకలు సన్నగా ఆడుతుండటం కుంపటి ముందు కూర్చున్నవాళ్లందరూ చూసే ఉంటారు. అక్కడ మండుతున్నది కార్బన్ మోనాక్సైడే. బొగ్గు లోపల పుట్టిన ఆ వాయువు పైకి వచ్చి గాలి తగలగానే కాలిపోతుంది. ఆ నీలిమంట ఆగిపోయి బొగ్గు మీద బూడిద పొర కట్టాక పుట్టే వాయువు పైన కాలకుండా నేరుగా గాలిలో కలుస్తుంది. మనం "ఇంక చల్లారిపోయింది" అనుకునే నివురు గప్పిన నిప్పు గంటల తరబడి అలా విషం వదులుతూనే ఉంటుంది. వంట అయిపోయింది కదా అని లోపలికి తెచ్చుకునే సమయమూ సరిగ్గా అదే.

బ్రిటన్‌లో ఒకసారి ఇదే జరిగింది. 2012 మే నెలలో ష్రాప్‌షైర్‌లోని బక్‌నెల్ అనే ఊరి దగ్గర క్యాంపింగ్‌కు వచ్చిన ఒక కుటుంబం, వంట చేసుకున్న బార్బెక్యూను గుడారంలోకి తెచ్చుకుంది. వెచ్చగా పడుకున్నారు. పద్నాలుగేళ్ల అమ్మాయి మళ్లీ లేవలేదు. ఆ తర్వాత అక్కడి ప్రచారమంతా ఒకే మాట మీద నడుస్తూ వచ్చింది: మండుతున్నదైనా, ఆరుతున్నదైనా, ఆరిపోయిందనుకున్నదైనా సరే, బార్బెక్యూ గుడారం లోపలికి రాకూడదు. దాని వరండాలోకి కూడా రాకూడదు.

మన అమ్మమ్మలు బాలింత గదిలో కుంపటి పెట్టలేదా, సాంబ్రాణి పొగ వెయ్యలేదా, వాళ్లకేం కాలేదు కదా అనే ప్రశ్న వెంటనే వస్తుంది. న్యాయమైన ప్రశ్నే. అప్పటి ఇళ్ల పైకప్పు పెంకులు, లేదంటే తాటాకు. పెంకుకూ పెంకుకూ మధ్య సందులుండేవి, తలుపు చెక్కల మధ్య వేలు పట్టేంత ఖాళీ, గోడ పైభాగాన వెలుతురు కోసం వదిలిన కంత. ఇల్లే గాలి పీల్చి వదిలేది. అయినా అప్పుడు ఎవరికీ ఏమీ కాలేదని ఇప్పుడు ఖాయంగా చెప్పగలిగేవాళ్లు లేరు. తలనొప్పి అన్న బాలింతకు దిష్టి తీసి ఊరుకున్న ఇళ్లు ఎన్నో. ఇప్పటి గుడారం గుడ్డ వాననీటిని ఆపడానికి పూత పూసి తయారుచేసింది. మంచుకు అది తడిస్తే ఉన్న కాస్త గాలి రాకపోకలూ తగ్గిపోతాయి. జిప్పు పూర్తిగా లాగేస్తే నలుగురు పడుకున్న ఆ కొద్దిపాటి జాగాలో గుప్పెడు నిప్పులు చాలు. జిప్పు కాస్త తెరిచి ఉంచితే సరిపోతుందన్న నమ్మకమూ ప్రమాదమే. ఆ సందు ఎంత ఉండాలో, గాలి ఎటు వీస్తోందో నిద్రలో ఎవరు చూస్తారు?

గుడారం బదులు గది తీసుకున్నాం కాబట్టి భయం లేదనుకోవడానికీ వీల్లేదు. 2020 జనవరిలో నేపాల్‌లోని మక్వాన్‌పుర్ జిల్లా దామన్‌లో జరిగింది తల్చుకుంటే ఇప్పటికీ గుండె తరుక్కుపోతుంది. కేరళ నుంచి వెళ్లిన పదిహేను మంది బృందం పోఖరా చూసుకుని తిరిగి వస్తూ ఒక కొండ రిసార్టులో ఆగింది. చలి బాగా ఉండటంతో రెండు కుటుంబాల వాళ్లు ఎనిమిది మంది ఒకే గదిలో పడుకున్నారు. గదిలో గ్యాసు హీటర్ వెలుగుతోంది. కిటికీలు, తలుపు లోపలి నుంచి గడియ వేసి ఉన్నాయి. తెల్లారాక తలుపు తట్టినా ఎవరూ పలకలేదు. హెలికాప్టర్‌లో కఠ్మాండూ తరలించినా ఎనిమిది మందిలో ఒక్కరూ దక్కలేదు. వాళ్లలో నలుగురు పిల్లలు. ముక్తినాథ్ యాత్రకు ఏటా తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో వెళ్లేదీ ఆ దేశానికే, ఆ కొండదారుల్లోనే. యాత్రలు నడిపే ఏజెంట్లు బయల్దేరే ముందు స్వెట్టర్లు, మంకీ క్యాపులు, మాత్రల జాబితా ఇస్తారు. గదిలో హీటర్ ఎలాంటిదో చూసుకోండన్న ఒక్క వాక్యం ఆ కాగితంలో ఉంటే ఎంత బాగుండేది.

కాశ్మీర్‌లో బుఖారీ, హిమాచల్‌లో తందూర్, ఢిల్లీలో అంగీఠీ. పేర్లు వేరైనా లోపల మండేది కట్టె, లేదా బొగ్గు. పొగగొట్టం సరిగ్గా ఉండి, దాని అతుకులు బిగుతుగా ఉంటే బుఖారీతో ఇబ్బంది తక్కువ. గొట్టంలో మసి పేరుకుంటే, పైన మంచు కప్పేస్తే ఆ పొగ గదిలోకే తిరుగుతుంది. అంగీఠీకి అసలు గొట్టమే ఉండదు. ఉత్తరాదిన ప్రతి చలికాలం తలుపులు మూసిన గదుల్లో అంగీఠీ పక్కన పడుకున్న కూలీలు, డ్రైవర్లు, కాపలాదారులు చనిపోయిన వార్తలు వస్తూనే ఉంటాయి. మన నగరాల్లో స్నానాల గదిలో బిగించే గ్యాసు గీజర్లదీ ఇదే కథ. చిన్న గది, మూసిన తలుపు, పొగ బయటికి పోయే గొట్టం లేని గీజర్. పాతకాలం హోంస్టేల్లో, తక్కువ అద్దె లాడ్జీల్లో ఇవి ఇంకా కనిపిస్తాయి. గీజర్ స్నానాల గది లోపల ఉంటే, బకెట్ నింపుకుని ఆపేశాకే తలుపు వేసుకోవాలి.

ఇక కార్లు. డిసెంబరులో మనాలీ వెళ్లే తెలుగు కుటుంబాలకు అటల్ సొరంగం దగ్గర మంచు చూడటం ఒక ముచ్చట. 2024 డిసెంబరు చివరివారంలో అక్కడ హఠాత్తుగా మంచు పడి వందల వాహనాలు గంటల తరబడి ఇరుక్కుపోయాయి. పోలీసులు సమయానికి బయటికి తీసుకొచ్చారు. అంతకు మూడేళ్ల ముందు, 2022 జనవరిలో పాకిస్తాన్‌లోని మర్రీ కొండల్లో సాయం అంత త్వరగా రాలేదు. మంచులో కూరుకుపోయిన కార్లలో ఇరవై మందికి పైగా చనిపోయారు, వాళ్లలో పదిమంది పిల్లలు. చలి ఒక్కటే కారణమని మొదట అనుకున్నారు. కొందరి ప్రాణం తీసింది కార్బన్ మోనాక్సైడ్ అని అధికారులే చెప్పారు. హీటర్ కోసం ఇంజిన్ ఆన్‌లో ఉంచారు, సైలెన్సర్ మూతిని మంచు మూసేసింది, పొగ కారు కింది నుంచి లోపలికి చేరింది. మంచులో ఇరుక్కుంటే చెయ్యాల్సిన మొదటి పని కారు దిగి వెనక్కి వెళ్లి సైలెన్సర్ చుట్టూ మంచు తొలగించడం. ఇంజిన్‌ను గంటకు కొద్ది నిమిషాలు మాత్రమే నడపడం, మంచు తక్కువున్న వైపు అద్దం కాస్త దించి ఉంచడం ఆ తర్వాతి పనులు. అలా చేసినా మధ్యమధ్య దిగి గొట్టం చూసుకుంటూనే ఉండాలి.

మనకు మంచు లేదు కాబట్టి ఈ ముచ్చట అక్కర్లేదనుకోకండి. పెళ్లికో తిరునాళ్లకో వచ్చి, గదులు దొరక్క, సెల్లార్ పార్కింగులో ఏసీ వేసుకుని కారులో పడుకునే డ్రైవర్లు మన ఊళ్లలో లెక్కలేనంత మంది. గాలి ఆడని సెల్లార్‌లో ఇంజిన్ పొగ పోవడానికి దారి ఉండదు. కారవాన్లు మొదట తెలుగువాళ్లకు తెలిసింది సినిమా షూటింగుల వల్ల. షాట్‌కూ షాట్‌కూ మధ్య తారలు సేదదీరేది వాటిల్లోనే. రాత్రి ప్యాకప్ అయ్యాక ఆ బండ్లలోనో వాటి పక్కనో పడుకునేది డ్రైవరు, జనరేటర్ ఆపరేటరు, వాళ్ల సహాయకులు. వడకరలో పోయినవాళ్లూ అలాంటి మనుషులే. కారవాన్ పర్యాటకానికి కేరళ 2021లోనే విధానం తెచ్చింది, ఆంధ్రప్రదేశ్‌లోనూ ఆ ప్రయత్నాలు మొదలయ్యాయి. మంచిదే. అయితే ఆ బండిలో అతిథికి ఎన్ని సౌకర్యాలున్నాయన్నదానితో పాటు, అతిథి దిగిపోయాక డ్రైవరు ఎక్కడ పడుకుంటాడన్నది కూడా ఆ కాగితాల్లో రాసుకోవాలి.

ఇదంతా తెలిసినవాళ్లకు జరగదు, తెలియనివాళ్లకే జరుగుతుందన్న ధీమా కూడా పనికిరాదు. అమెరికా నౌకాదళ అధికారి, ధ్రువ అన్వేషకుడు రిచర్డ్ బర్డ్ 1934లో అంటార్కిటికా శీతాకాలమంతా మంచులో పూడ్చిన చిన్న గుడిసెలో ఒంటరిగా గడపడానికి పూనుకున్నాడు. వాతావరణాన్ని నమోదు చెయ్యడం ఆయన పని. పొయ్యి గొట్టం సరిగ్గా అమరలేదు, పొగ లోపలికి కారేది. రేడియో నడిపే జనరేటర్ మంచు సొరంగంలో ఉండేది. మే నెలాఖరులో ఆ జనరేటర్ దగ్గరే కుప్పకూలిపోయాడు. తనను చంపుతున్నది ఏమిటో ఆయనకు అర్థమైంది. పొయ్యి ఆపితే చలికి గడ్డకట్టుకుపోవాలి, వెలిగిస్తే విషం పీల్చాలి. తనకోసం మనుషులు ప్రాణాల మీదికి తెచ్చుకోకూడదని ఆ సంగతి దాచిపెట్టాడు. కానీ ఆయన పంపే సందేశాలు పొంతన లేకుండా ఉండటం గమనించి అవతలివాళ్లే అనుమానపడ్డారు. ఆగస్టులో ముగ్గురు ట్రాక్టరులో ఆ గుడిసె చేరుకునేసరికి ఆయన ఎముకల గూడులా ఉన్నాడు. కోలుకుని విమానం ఎక్కడానికి మరో రెండు నెలలు పట్టింది. ఈ అనుభవాన్ని ఆయన 1938లో 'అలోన్' అనే పుస్తకంగా రాశాడు.

అంతటి మనిషి విషయంలోనే ఇలా జరిగింది. ఈ వాయువు ముందుగా దెబ్బతీసేది మెదడును. ప్రమాదాన్ని పసిగట్టాల్సిన బుద్ధే మందగిస్తుంది, లేచి తలుపు తియ్యాల్సిన కాళ్లే సహకరించవు. వడకరలో మెట్ల దగ్గర పడిపోయిన మనిషికి తలుపు ఎన్ని అడుగుల దూరంలో ఉండి ఉంటుంది? కాబట్టి "తేడాగా అనిపిస్తే బయటికి వచ్చేస్తాం" అన్న భరోసాకు ఇక్కడ విలువ లేదు. మనిషి మీద ఆధారపడని కాపలా ఒకటి కావాలి.

బొగ్గు గనుల్లో ఈ కాపలా చాలాకాలం పక్షులు కాశాయి. స్కాట్లాండ్ శాస్త్రవేత్త జాన్ స్కాట్ హాల్డేన్ 1890లలో ఈ వాయువును తానే పీల్చి, తన రక్తాన్ని పరీక్షించుకుంటూ దాని పనితీరు రాసుకున్నాడు. మనిషి కంటే ముందే చిన్న ప్రాణులు పడిపోతాయి కాబట్టి గనుల్లోకి వాటిని వెంట తీసుకెళ్లమని సలహా ఇచ్చాడు. బ్రిటన్ గనుల్లో కానరీ పక్షులు 1986 దాకా ఆ ఉద్యోగం చేశాయి. ఆ తర్వాత ఆ చోటును ఎలక్ట్రానిక్ పరికరాలు తీసుకున్నాయి. భూగర్భ బొగ్గు గనుల్లో తవ్వి వదిలేసిన చోట బొగ్గు తనంతట తానే వేడెక్కుతోందని తొలుత పట్టిచ్చేది కార్బన్ మోనాక్సైడ్ కొలతే. సింగరేణిలో పనిచేసిన కార్మికుల కుటుంబాల్లో ఈ వాయువు గురించి తెలిసిన పెద్దవాళ్లు ఇప్పటికీ ఉంటారు. గనిలోకి దిగే మనిషికి దక్కిన ఆ జాగ్రత్త, గుడారంలో పడుకునే పిల్లవాడికి దక్కకూడదా?

అరచేతిలో పట్టే అలారం ఉంది. బ్యాటరీతో నడుస్తుంది, ఆన్‌లైన్‌లో రెండు మూడు వేల రూపాయల్లో దొరుకుతుంది. నాణ్యతా ప్రమాణం చూసి కొనాలి. ఐరోపా ప్రమాణాల్లో ఈఎన్ 50291 రెండు భాగాలుగా ఉంది. మొదటిది ఇళ్లకు, రెండోది కారవాన్లు, పడవల వంటి కదిలే చోట్లకు. ఆ ప్రమాణం ప్రకారం గాలిలో 300 పీపీఎం చేరితే మూడు నిమిషాల్లోపు అలారం మోగాలి, 100 పీపీఎం అయితే పది నుంచి నలభై నిమిషాల మధ్య మోగాలి. 30 పీపీఎం ఉంటే రెండు గంటల వరకూ మోగకూడదు. లోపలి సెన్సర్‌కు ఆయుష్షు ఉంటుంది, డబ్బా వెనక తేదీ రాసి ఉంటుంది. ప్రయాణానికి ముందు బటన్ నొక్కి మోగుతోందో లేదో చూసుకోవడం అర నిమిషం పని. పడక దగ్గర, పడుకున్నవాళ్ల ముక్కుకు దరిదాపు ఎత్తులో పెట్టుకోవాలి. ఇంట్లో ఉండే పొగ అలారం ఈ వాయువును పట్టలేదు. వంటగ్యాసు లీకును పట్టే అలారం కూడా పట్టలేదు. వంటగ్యాసులో కంపుకొట్టే రసాయనం కావాలనే కలుపుతారు, కాబట్టి ముక్కు కాస్త సాయం చేస్తుంది. ఇక్కడ ముక్కు చేసే సాయం ఏమీ లేదు. అయితే అలారం ఉంది కదా అని కుంపటి లోపల పెట్టుకుంటే అలారం కొన్నదీ వృథాయే.

కొవిడ్ రోజుల్లో ఇంటింటికీ చేరిన పల్స్ ఆక్సీమీటర్ ఈ విషయంలో నమ్మదగినది కాదు. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తాన్ని కూడా అది ఆక్సిజన్ నిండిన రక్తంగానే చదువుతుంది. మనిషి స్పృహ తప్పుతున్నా వేలి మీది అంకె 98 చూపించగలదు. అది చూసి "ఆక్సిజన్ బాగానే ఉంది, పడుకోబెట్టండి" అంటే ప్రాణమే పోతుంది. ఆసుపత్రిలో రక్తనమూనా తీసి ప్రత్యేకంగా కార్బన్ మోనాక్సైడ్ శాతం చూడాలి. డాక్టరుకు ఆ అనుమానం రావాలంటే, తీసుకెళ్లినవాళ్లు "గుడారంలో బొగ్గులున్నాయి", "జనరేటర్ నడుస్తోంది" అని చెప్పాలి.

లక్షణాలు మామూలు జబ్బుల్లాగే ఉంటాయి కాబట్టి పొరబడటం సులభం. తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం, వాంతి, నీరసం, మాట తడబడటం. లడఖ్‌లో అయితే ఎత్తు పడలేదనుకుంటారు, అరకులో అయితే ఘాట్ రోడ్డు తిప్పిందనుకుంటారు, రాత్రి విందు జరిగి ఉంటే తాగింది దిగలేదనుకుంటారు. ఒక గుర్తు బాగా పట్టిస్తుంది. ఒకే గదిలో, ఒకే గుడారంలో ఉన్న ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి వచ్చి, జ్వరం లేకుండా, బయటి గాలికి రాగానే తేలికపడితే అది ఈ వాయువు పనే అయ్యుండవచ్చు. పిల్లలు, గర్భిణులు, గుండెజబ్బు ఉన్నవాళ్లు ముందుగా దెబ్బతింటారు. తల్లికి తేలికగా ఉన్నా కడుపులో బిడ్డకు ముప్పు ఎక్కువ. అనుమానం వచ్చిన క్షణం అందరినీ ఆరుబయటికి తేవాలి, నిప్పు లేదా ఇంజిన్ ఆపాలి, 108కి ఫోన్ చెయ్యాలి. లోపల పడిపోయినవాళ్ల కోసం వెళ్లేవాళ్లు ముందు తలుపులు, జిప్పులు బార్లా తెరవాలి. లేకపోతే వాళ్లూ అక్కడే పడిపోతారు. తేరుకున్నట్టు కనిపించినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే, ఎందుకంటే కొందరిలో వారాల తర్వాత కూడా మతిమరుపు, నడక తడబాటు వంటి ఇబ్బందులు మొదలవుతాయి.

విచారణ జరిగితే మార్పు వస్తుందనడానికి ఒక పాత ఉదాహరణ ఉంది. అమెరికాలోని లేక్ పావెల్ జలాశయంలో హౌస్‌బోట్లు ఎక్కువ. వాటి జనరేటర్ పొగ పడవ వెనక, ఈతకు దిగే చెక్క కిందికి వదిలేవారు. 2000 ఆగస్టులో అక్కడ ఈదుతూ ఎనిమిదేళ్లు, పదకొండేళ్ల అన్నదమ్ములిద్దరు చనిపోయారు. చూసినవాళ్లు నీట మునిగారనుకున్నారు. వృత్తి భద్రతను పరిశోధించే ఎన్ఐఓఎస్‌హెచ్ సంస్థ వెళ్లి కొలిస్తే ఆ చెక్క కింద గాలి క్షణాల్లో మనిషిని పడేసేంత విషంగా ఉంది. మరుసటి ఏడాది డిజైన్ మార్చడానికి అలాంటి పడవలను తయారీదారుల చేత వెనక్కి పిలిపించారు. బ్రిటన్‌లోనూ 2013 ఏప్రిల్‌లో విండర్‌మియర్ సరస్సులో నిలిపి ఉన్న పడవలో తల్లీ కూతుళ్లు చనిపోతే, చేత్తో మోసుకెళ్లే జనరేటర్‌ను పడవలో దించి, దాని పొగగొట్టాన్ని సొంతంగా మార్చి బిగించిన తీరును సముద్ర ప్రమాదాల దర్యాప్తు శాఖ అతుకు అతుకూ బయటపెట్టింది. 2019 ఏప్రిల్ నుంచి అక్కడి అంతర్గత జలమార్గాల పడవల తనిఖీలో కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి అయింది. కోనసీమలో దిండి దగ్గర హౌస్‌బోట్లు మనకూ ఉన్నాయి. వాటి జనరేటర్ పొగ ఎటు పోతుందో కొలిచి చూడటానికి ఒక పిల్లవాడు చనిపోయేదాకా ఆగక్కర్లేదు.

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు సెలవుల్లో ఆర్‌వీ అద్దెకు తీసుకుని ఎల్లోస్టోన్, యోసెమిటీ చుట్టిరావడం ఇప్పుడు మామూలైంది. ఆ బండ్లలో అలారం ముందే బిగించి ఉంటుంది. దాంతో వచ్చే చిక్కు వేరే. అర్ధరాత్రి మోగితే చిరాకుపడి బ్యాటరీ పీకేసేవాళ్లున్నారు. వరసగా నాలుగుసార్లు కూసి, కాస్త ఆగి మళ్లీ కూస్తే అది ప్రమాద సూచన. అప్పుడు బ్యాటరీ జోలికి పోకుండా పిల్లల్ని ఎత్తుకుని బయటికి రావాలి. పక్కన ఆగిన బండి జనరేటర్ పొగ మీ కిటికీలోంచి రావచ్చని కూడా గుర్తుంచుకోవాలి. చేత్తో మోసుకెళ్లే జనరేటర్‌ను మనుషులున్న చోటికి కనీసం ఆరు మీటర్ల దూరంలో, పొగ అవతలికి పోయేలా పెట్టాలని అక్కడి వినియోగదారుల భద్రతా సంస్థ చెబుతుంది. అలాంటి ఒక్క జనరేటర్ వందల కార్లు వదిలేంత కార్బన్ మోనాక్సైడ్ వదలగలదు. ఇన్ని జాగ్రత్తలున్న ఆ దేశంలోనే అగ్నిప్రమాదాలతో సంబంధం లేకుండా ఏటా 400 మందికి పైగా ఈ విషంతో చనిపోతున్నారు.

రెండు తెలుగు రాష్ట్రాల పర్యాటక శాఖలు ఈ చలికాలం మొదలయ్యేలోపే చెయ్యగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. అద్దెకిచ్చే ప్రతి కారవాన్‌లో, జనరేటర్ ఉన్న ప్రతి హౌస్‌బోటులో అలారం ఉంటేనే అనుమతి ఇవ్వాలి. ఫిట్‌నెస్ తనిఖీలో బ్రేకులు, లైట్లు చూసినట్టే, జనరేటర్‌ను గంటసేపు నడిపి లోపలి గాలిని కొలవాలి. గుడారాలు వేసేవాళ్లు రాత్రి పడుకునే ముందు తామిచ్చిన బార్బెక్యూ పళ్లాలు, కుంపట్లు లెక్కపెట్టి వెనక్కి తీసుకుని నిప్పు మీద నీళ్లు పోయాలి. బదులుగా మనిషికి ఇంకో రగ్గు, మంచి స్లీపింగ్ బ్యాగ్, వేడినీళ్ల సంచీ ఇవ్వాలి. పెద్ద ఖర్చేమీ కాదు. లోపల నిప్పు పెట్టకూడదని ప్రతి గుడారం జిప్పు పక్కనే తెలుగులో రాసి ఉండాలి. ఎక్కడైనా ఇలాంటి చావు జరిగితే వడకరలో చేసినట్టు నిపుణులతో కొలిపించి, ఆ నివేదికను ప్రజల ముందు పెట్టాలి.

ఈ డిసెంబరులో, సంక్రాంతి సెలవుల్లో కొండలెక్కబోయేవాళ్లు గుడారమో కారవానో బుక్ చేసేటప్పుడు నిర్వాహకుణ్ని రెండు మాటలు అడగండి: లోపల కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉందా, జనరేటర్ ఎక్కడ పెడతారు? సరైన జవాబు రాకపోతే అడ్వాన్సు కట్టకండి.